మూడో వరస ఓటు

మా తమ్ముడు పోయాడు. లమ్మడాలో మా మేడమీదే, శనివారం దీపాలు పెట్టే వేళకి. నేను నూకాలమ్మ తల్లి పటం ముందు వత్తి సరిచేసుకుంటున్నాను. లోపల్నుంచి మరదలు "వదినా" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ ఒక్క మాటతో అంతా తెలిసింది. వత్తి వెలిగించి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు లేచాను. తల్లిని ఏమీ అడగాలనిపించలేదు. అడగాల్సినవన్నీ అంతకుముందే అడిగేశాను.

ఫోన్లో విన్నవాళ్ళు కొందరు "ఏ తమ్ముడు?" అన్నారు. నాకున్నది ఒక్కడే తమ్ముడు. ఓడలో వంట చేసినవాడు. బల్గేరియా తమ్ముడు అంటే మీలో చాలామందికి గుర్తొస్తాడు. గుడి భోజనాల దగ్గర, పెళ్ళి పందిట్లో, ఎవరు దొరికితే వాళ్ళని కూర్చోబెట్టి ఆ కథ చెప్పేవాడు. విని విని మీరు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు చెప్పడానికి వాడు లేడు కనక నేను రాస్తున్నాను. వాడిలా చెప్పడం నాకు రాదు. తక్కువ మాటల్లో రాస్తాను, తప్పుంటే మన్నించండి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బర్మా వచ్చి ఈ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా నాన్న సేక్కాన్ రేవులో క్రేన్ల దగ్గర పనిచేశాడు. "తాత మోసినాడు, నాన్న ఎత్తినాడు, నాను ఎక్కినాను" అనేవాడు మా తమ్ముడు. మా ఇంట్లో ఓడ ఎక్కినవాడు వాడొక్కడే. ఎక్కి చేసిన పని వంట. ఓడమీద వంటవాణ్ణి మావాళ్ళు బండారి అంటారు. అమ్మ పోయేనాటికి వాడు నా కొంగు పట్టుకుని తిరిగే వయసు. చేప తోమడం, గంజి వార్చడం నా పక్కన కూర్చునే నేర్చుకున్నాడు. "ఈడికి సదువు అబ్బలేదు, పులుసు అబ్బింది" అని నాన్న వెక్కిరించేవాడు. ఆ పులుసే తర్వాత మా అందరికీ అన్నం పెట్టింది.

ఓడమీద బల్ల ఊగినప్పుడు కంచాలు జారిపోకుండా గుడ్డ తడిపి పరుస్తారట. సెలవుకి ఇంటికొచ్చినా వాడు అదే చేసేవాడు. మా బల్ల రాయిలా కదలదు. మరదలు విసుక్కునేది.

"ఇది ఇల్లు, ఓడ కాదు. అన్నం తినీసరికి మోచేతులన్నీ తడి."

"ఇల్లు ఊగదని నీకు ఎవులు సెప్పినారు?" అనేవాడు.

కొద్దిగా వండడం వాడికి చేతనయ్యేది కాదు. నలుగురికి చెయ్యరా అంటే ఓడ మొత్తానికి సరిపడా చేసేవాడు. మిగిలింది గిన్నెతో పట్టుకుని మెట్లమీద ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతూ కిందికి దిగేవాడు. మా కింద బర్మావాళ్ళు, వాళ్ళ కింద చైనావాళ్ళు. వాడి అడుగుల చప్పుడు వినగానే తలుపులు తీసేవారు. "అకో, ఈరోజు ఏం మిగిలింది?" అని అడిగేవారు. బర్మావాళ్ళు అన్నని అకో అంటారు. మా మెట్లమీద వాడు అందరికీ అకోయే.

ఇక ఆ కథ.

అది చెప్పేముందు మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి. మా చిన్నతనం దాటుతున్న రోజుల్లో ఈ దేశంలో ఒకసారి ఓట్లు పెట్టారు. నాన్న ఉతికిన లుంగీ కట్టుకుని, తలకి నూనె రాసుకుని, గుడికి వెళ్ళినట్టు వెళ్ళి వేసొచ్చాడు. తమ్ముడు కూడా వెంటపడి వెళ్ళాడు. వయసు నిండలేదని వాణ్ణి గుమ్మం దగ్గరే ఆపేశారు. గెలిచినవాళ్ళని సైన్యం గద్దె ఎక్కనివ్వలేదన్నది మీకు తెలిసిందే. నాన్న ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. వాడికి మాత్రం ఆ గుమ్మం మనసులో ఉండిపోయింది. "నా సేత్తో నాను ఒక్కటి ఏసి, ఆల్లు దాన్ని లెక్కెట్టీయాల. అంతే అప్పా. గెలిసినోడు ఎవుడైనా నాకు పనిలేదు" అనేవాడు నాతో. మావైపు అక్కని అప్ప అంటాం. ఒక మనిషికి ఇంత చిన్న కోరికా అనుకునేదాన్ని. అది ఎంత పెద్దదో ముందుముందు తెలిసింది.

వాడి ఓడ ఒకసారి ఇంజను పాడై బల్గేరియాలో వర్నా అనే రేవులో మరమ్మతుకి ఆగిపోయింది. వసంతకాలం. రోజులు గడుస్తున్నా ఓడ కదలదు. వంటయ్యాక వాడు రేవు గేటు దాటి ఊళ్ళోకి నడిచేవాడు. గేటు పక్కనే ఒక ముసలమ్మ పొద్దుతిరుగుడు గింజలు వేయించి, కాగితం పొట్లాల్లో అమ్మేది. పూర్వం రేవు క్యాంటీన్లో వంట చేసిందట. అందుకని నావికుల ఇంగ్లీషు కొంచెం వచ్చు. వంటవాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. వాడు చింతపండు పులుసు గిన్నెతో పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కార్చుకుంటూ తిని, మర్నాడు ఖాళీ గిన్నె చూపించి ఇంకా కావాలనేది. ఆవిడ వాణ్ణి బర్మా అని పిలిచేది. వాడు మామ్మా అనేవాడు. ఆవిడ నిజానికి ఎలా మాట్లాడిందో గాని, మావాడి నోట్లో మాత్రం అచ్చం శ్రీకాకుళం ముసలమ్మే.

ఆ ఏడే ఆ దేశం చాలా దేశాల కూటమిలో కొత్తగా చేరింది. ఆ దేశాలన్నిటికీ కలిపి ఒక పెద్ద పార్లమెంటు ఉందట. దానికి తమ మనుషుల్ని ఎన్నుకుని పంపడం ఆ దేశానికి అదే మొదటిసారి. గోడల మీద బొమ్మలు, జెండాలు. మావాడు ఓడ ఇంజనీరుని అడిగి అంతా తెలుసుకున్నాడు. తెలుసుకుని నిద్రపోలేదట.

"ఊరి పెద్దమనిసి మీద దేసం పెద్దమనిసి. ఆడి మీద ఇంకోడు. ఆ పైవోణ్ణి కూడా ఆల్లే ఎన్నుకుంటారంట అప్పా! మన దేసమూ సుట్టుపక్కల దేసాల కూటమిలో ఉన్నాది గదా. మనల్ని ఎవుడైనా ఎప్పుడైనా అడిగినాడా?"

"మన పెద్దమనిసి గురించే అడగనేదు, పైవోడి గురించి ఏల అడుగుతారు?" అంది మా చెల్లెలు. నా తర్వాతది, తన్లిన్‌లో ఉంటుంది. మాట పదును.

ఓట్ల ఆదివారం మావాడు పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళాడు. మామ్మ రోజూలాగే గింజలు వేయిస్తోంది.

"ఓటుకి ఎల్లనేదేటి మామ్మా?"

"నాకు మోకాలు నేదు, నమ్మకం నేదు. రెండూ నేకుండా మెట్లు ఎలగెక్కమంటావు?"

"నాను ఎక్కిస్తాను."

"ఒద్దు బర్మా. ఎనకటికి మమ్మల్ని లారీలు ఎక్కించి తీసుకెల్లీవోరు. కాయితం మీద ఒకటే పేరు. రానోల్ల ఇంటికి మనిసొచ్చి తలుపు కొట్టీవోడు. ఇప్పుడు ఇంట్లో కూకుంటే ఎవుడూ కొట్టడు. ఆ సుకం నన్ను పడనీ."

మావాడికి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాలేదని వాడే చివర్లో నాతో అన్నాడు. అప్పుడు మాత్రం ఒకటే అన్నాడు: "నీకొద్దంటే నాకియ్యి."

ఆవిడ దగ్గొచ్చేదాకా నవ్విందట. "ఓటంటే ఏటనుకున్నావు, సేపల పులుసా? గిన్నెలో ఎట్టి ఇచ్చీడానికి?"

వాడు నవ్వలేదు. పొయ్యి పక్కనే నిలబడి నాన్న ఉతికిన లుంగీ సంగతి చెప్పాడు. గుమ్మం దగ్గర తనని ఆపేసిన సంగతి చెప్పాడు. వచ్చిన ఇంగ్లీషు కొంత, చేతులు కొంత. ఆవిడ గింజలు మాడిపోతున్నా కలపకుండా విన్నదట. ఆఖరికి పొయ్యి ఆర్పి, తలకి కట్టిన గుడ్డ విప్పి దులిపి మళ్ళీ కట్టుకుని, చెయ్యి చాపింది.

ఓట్లు ఒక బడిలో. మెట్లు చాలా ఉన్నాయి. వాడు ఆవిడ బరువంతా తన భుజం మీద వేసుకుని ఎక్కించాడు. పైన మనుషులు లేరు. బల్లల వెనక కూర్చున్నవాళ్ళు ఆవులిస్తున్నారు. ఆ ఊళ్ళో చాలామంది ఇళ్ళు కదలలేదట. ఒక ముసలమ్మ వచ్చిందని వాళ్ళే లేచి కుర్చీ వేశారు. వాడు పరాయివాడు, గుమ్మం బయటే ఆగాలి. ఆవిడ లోపలికి అడుగు పెట్టబోతూ వెనక్కి తిరిగింది.

"నా ఓటు నాకొద్దు, నీకిచ్చీసినాను. సెప్పు, ఏ వరసకి ఎయ్యమంటావు?"

వాడికి ఆ దేశంలో ఒక్క పార్టీ పేరూ తెలియదు. "నాను మా ఇంట్లో మూడోవోణ్ణి మామ్మా. మూడో వరసకి ఎయ్యి" అన్నాడు.

ఆవిడ లోపలికెళ్ళి కొంచెం సేపటికి వచ్చింది. మూడు వేళ్ళు చూపించింది. వాడు అక్కడే ఆ మెట్లమీద కూర్చుని ఏడ్చాడట. ఆవిడ వాడి తలమీద చెయ్యి వేసి, జేబులోంచి గింజల పొట్లం తీసి ఇచ్చింది.

తర్వాత కొద్దిరోజులకే ఓడ కదిలింది. మూడో వరస ఎవరిదో, వాళ్ళు మంచివాళ్ళో దొంగలో వాడికి చివరిదాకా తెలియలేదు. ఆవిడ నిజంగా మూడో వరసకే వేసిందా అని ఒకసారి అడిగాను. వాడు నా మొహం కేసి చూసిన చూపుకి మళ్ళీ అడగలేదు. చెల్లెలికి ఆ మొహమాటం లేదు. కథ అయ్యీ అవ్వగానే పొడిచేది.

"ఇంతకీ నీ మూడో వరసోడు గెలిసినాడేట్రా?"

"గెలిస్తే ఏటి, ఓడితే ఏటి సిన్నప్పా? లెక్కెట్టినారు గదా."

వాడి కథ ఎప్పుడూ ఆ మాటతోనే ముగిసేది. మీరందరూ అక్కడే నవ్వేవారు.

మరుసటి ఏడు ఈ ఊరిమీద పెద్ద తుఫాను పడింది. అప్పుడు వాడు ఇంట్లోనే ఉన్నాడు. మా పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. కింద డెల్టా ఊళ్ళలో శవాలు తీసే దిక్కు లేదు. అలాంటి రోజుల్లోనే కొత్త రాజ్యాంగానికి అవునో కాదో చెప్పమని ఓట్లు పెట్టారు. మావాడు తడిసిన బట్టల్లో కాస్త పొడిగా ఉన్నది ఏరి కట్టుకుని వెళ్ళాడు. వెళ్ళినంత సేపు పట్టలేదు తిరిగి రావడానికి. పొయ్యి దగ్గర కూర్చుని మెట్లవాళ్ళందరికీ గంజి కాచడం మొదలుపెట్టాడు.

"ఏసీసినావేట్రా?"

"మీ ఇంటి ఓట్లన్నీ పడిపోయాయి అకో, మీకెందుకు శ్రమ అన్నారు. నా ఓటు నాకన్నా ముందు ఎల్లిపోనాది అప్పా."

ఆ తర్వాత ఓట్లప్పుడు వాడు సముద్రం మీద ఉన్నాడు. ఆ తర్వాత మళ్ళీ వచ్చాయి. ఈసారి ఊరంతా పండగలా ఉంది. వాడు నెలల ముందే ఓడ మానుకుని కూర్చున్నాడు. అప్పుడు మా ఇంటి తెలివితక్కువతనం అడ్డుపడింది.

ఇక్కడి తెలుగువాళ్ళం, మనకందరికీ రెండేసి పేర్లు కదా. ఇంట్లో తెలుగు పేరు, కాగితాల మీద బర్మా పేరు. బర్మావాళ్ళ పేరు పుట్టిన వారాన్నిబట్టి మొదలవుతుంది. తమ్ముణ్ణి బడిలో వేసినప్పుడు పెద్ద పంతులమ్మ ఏ వారం పుట్టాడని అడిగింది. నాన్న చవితినాడు అన్నాడు. చవితి ఏ వారం అంది. నాన్న తడుముకుని మంగళవారం అనేశాడు. మనవాళ్ళకి తిథి, నక్షత్రం గుర్తుంటాయి గాని వారం ఎవరికి గుర్తు? మంగళవారం అక్షరంతో పేరు పడింది. కొన్నాళ్ళకి వాడికి ఆగకుండా జ్వరాలు. పక్కింటి పెద్దాయన లెక్కకట్టి, వీడు శుక్రవారం పిల్లాడు, తప్పు పేరు మోస్తున్నాడు, అందుకే జబ్బు అన్నాడు. నాన్న భయపడి ఇంటి పట్టీలో, అంటే ఇంట్లోవాళ్ళ పేర్లుండే సర్కారు కాగితంలో, శుక్రవారం పేరు రాయించాడు. బడిలో మార్చలేదు. బడి కాగితంతోనే ఓడ కాగితాలు, కార్డు అన్నీ వచ్చాయి. ఓటర్ల జాబితా ఇంటి పట్టీనిబట్టి తయారైంది. వాడి చేతిలో మంగళవారం మనిషి కార్డు. జాబితాలో శుక్రవారం మనిషి.

"ఇద్దరమూ నేనే" అని బల్ల దగ్గర పిల్లతో బర్మాలో బతిమాలాడు. ఆ పిల్ల మంచిదే. "ఇద్దరిలో ఒకరు వెయ్యొచ్చు అంకుల్, కానీ ఆ ఒకరూ ఇక్కడ లేరు కదా" అంది పాపం.

ఇంటికొచ్చి నవ్వాడు. "మా నాన్న తిథి సూసినాడు. ఈల్లు వారం సూసినారు. మద్దిలో నాను పోనాను."

ఆ రాత పేరు సరిచేయించుకోవడానికి వాడు ఎన్ని గుమ్మాలు తిరిగాడో రాయను. సరైంది. ఆ తర్వాతి ఓట్లకి మూతికి గుడ్డ కట్టుకుని, వరసలో దూరం దూరంగా నిలబడి, ఈ దేశంలో మొదటిసారి తన చేత్తో తాను వేశాడు. ఆ రోజు బజారుకెళ్ళి పెద్ద చేప తెచ్చి పులుసు పెట్టి, మెట్లన్నీ దిగి పంచాడు. బల్గేరియా కథ చెప్పలేదు. దాంతో పని తీరిపోయిందనుకున్నాడు కాబోలు.

కొన్ని నెలలకే సైన్యం గద్దె ఎక్కి ఆ ఓట్లు చెల్లవంది.

తర్వాత ఏమైందో మీకు నేను చెప్పనక్కర్లేదు. రోజూ సాయంత్రం ఒక వేళకి దానికి నిరసనగా ఊరంతా గిన్నెలు మోగేవి. మా వీధిలో ప్రతి బాల్కనీలో ఎవరో ఒకరు గరిటె పట్టుకుని నిలబడేవారు. తమ్ముడు మొదటి రోజుల్లో కొట్టలేదు. అన్నం వండే గిన్నెని కొట్టకూడదని మా అమ్మ అనేది. వాడు తలుపు వేసుకుని లోపల కూర్చునేవాడు. ఒక సాయంత్రం లేచి, గుడి వంటలకి వాడే తన పెద్ద డేగిసా బాల్కనీలోకి ఈడ్చుకెళ్ళాడు. అట్లకాడతో కొట్టాడు. చుట్టుపక్కల మోత ఆగిపోయాక కూడా వాడు ఆపలేదు. మరదలు వెళ్ళి చెయ్యి పట్టుకుంది. డేగిసాకి ఒక పక్క సొట్ట పడిపోయింది. లోపలికొచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"అప్పా, ఆ దేసంలో ఏసీవోల్లు నేరు. ఈ దేసంలో లెక్కెట్టీవోల్లు నేరు."

వాడి తలమీద చెయ్యి వేసి, నాకు వచ్చిన స్తోత్రమేదో చదువుకున్నాను. ఇంకేం చెయ్యగలను? ప్రార్థన చేసేవాళ్ళకి జవాబులన్నీ తెలుసని అందరూ అనుకుంటారు. మాకు తెలిసింది కూర్చోవడం ఒక్కటే.

ఓడ ఉద్యోగం పోయింది. కిడ్నీలు చెడిపోయాయి. ఆసుపత్రి యంత్రం మీద పడుకుని వచ్చిన రోజు వాడికి ఒంట్లో ఏమీ మిగిలేది కాదు. కరెంటు లేని రోజు ఆ యంత్రమూ లేదు. అయినా మంచం మీద నుంచే మరదలికి వంట చెప్పేవాడు. "నాపి ముందే ఎయ్యకు, రొయ్య ముద్ద మాడిపోద్ది" అని. "తినేది నువ్వు కాదు గదా, నోర్మూసుకో" అని ఆమె. ఇద్దరూ అలా పోట్లాడుకుంటుంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

మొన్న మళ్ళీ ఓట్లన్నారు. వారం ముందు మా వార్డు ఆఫీసువాళ్ళు ముగ్గురు మెట్లెక్కి వచ్చారు. ముఖపరిచయం ఉన్నవాళ్ళే. వాడి చేతి పులుసు తిన్నవాళ్ళే. చెప్పులు గుమ్మం బయట విడిచి, మంచం పక్కన కూర్చుని, ఆరోగ్యం అడిగారు. తర్వాత పెద్దాయన గొంతు తగ్గించి అన్నాడు.

"అకో, ఆదివారం అందరూ రావాలి. ఇంటికి ఇంతమంది అని పైనుంచి అడుగుతున్నారు. నడవలేకపోతే మీకేం భయం లేదు. కుర్చీలో కూర్చోబెట్టి మేమే మోసుకెళ్తాం."

తమ్ముడు కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"మీ అమ్మాయికి పాస్‌పోర్టు పెట్టారట కదా" అన్నాడు ఆయనే, చాలా మెత్తగా. మా మేనకోడలు నర్సు పని నేర్చుకుంది, బయటి దేశానికి వెళ్దామని చూస్తోంది. మరదలు టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, తమ్ముడి మంచం పక్కకి జరిగింది.

తమ్ముడు కళ్ళు తెరిచి, బర్మాలో మర్యాదగా అన్నాడు. "నేను ఓటేసేశాను, సయా."

"ఎప్పుడు?"

"చాలా ఏళ్ళయింది."

జ్వరంలో మాట్లాడుతున్నాడనుకుని వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. టీ తాగి, ఆదివారం వస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం వాడు నన్ను దగ్గర కూర్చోమన్నాడు.

"ఆ మామ్మని నాను బలంతంగా లేపినాను అప్పా. ఇంట్లో కూకుంటే ఎవుడూ తలుపు కొట్టడు, ఆ సుకం పడనీ అన్నాది. నాను పడనివ్వనేదు. మోకాలు ఒంగని మనిసిని మెట్లెక్కించినాను."

"ఆవిడ ఇష్టపడే వచ్చింది గదరా."

"నా ఏడుపు సూసి వచ్చినాది. ఆల్లకి అది ఎంత కట్టపడితే దొరికినాదో నాకేటి తెలుసు? ఇప్పుడు తెలిసినాది." కొంతసేపు ఊపిరి తీసుకున్నాడు. "నన్ను కుర్చీ ఎక్కించనివ్వకప్పా. ఆ పిల్ల పాస్‌పోర్టు పోతే పోనీ అని అనలేను. నన్ను మాత్రం ఎక్కించనివ్వకు."

మాటిచ్చాను. ఎలా నిలబెట్టుకుంటానో నాకు తెలియదు. వాడు వెళ్ళకపోతే పిల్లకి కాగితం రాదేమో. వెళ్తే వాడు మిగలడు. మరదలు రెండు వైపులా చూసి వంటింట్లోకి పోయింది. ఆ వారమంతా నేను దీపం ముందు కూర్చున్నాను. ఒక దారి చూపించు తల్లీ అన్నాను. ఏ దారి అని నేను చెప్పలేదు.

తల్లి శనివారం సాయంత్రం చూపించింది. నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టాను గాని, ఆ దణ్ణం ఎలాంటిదో నా నోటితో చెప్పను.

ఆదివారం పొద్దున్నే తీసుకెళ్ళిపోవాలి. చెల్లెలు, మరిది తన్లిన్ నుంచి తెల్లవారే బయల్దేరారు గాని వంతెన దగ్గర అందర్నీ దింపి కార్డులు చూస్తున్నారట, ఆలస్యమైంది. పాడె మొయ్యాల్సింది మా మెట్లవాళ్ళు. వాళ్ళు పొద్దున్నే శుభ్రంగా లుంగీలు కట్టుకుని పైకి వచ్చి, తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చున్నారు. మా కింది ఇంటి అబ్బాయి తల ఎత్తకుండానే అన్నాడు.

"అమా, కోపం తెచ్చుకోకండి. ముందు ఓట్ల దగ్గర మొహం చూపించి వచ్చేస్తాం. అకోని అప్పుడు తీసుకెళ్దాం."

బర్మావాళ్ళు అక్కని అమా అంటారు. నేను వాళ్ళకి ఏనాటి నుంచో అక్కనే.

"వెళ్ళి రండి నాయనా. వాడికి తొందరేం లేదు" అన్నాను.

వాళ్ళ తప్పు కాదు. వాళ్ళకీ పిల్లలున్నారు.

వాళ్ళు వెళ్ళారు. తమ్ముడు ఎదురుచూశాడు. కరెంటు పోయింది. వాడి చుట్టూ పెట్టిన ఐసు కరిగి చాప తడిసింది. మరదలు విసనకర్రతో ఈగలు తోలుతూ కూర్చుంది. అప్పుడే వార్డు నుంచి ఒకావిడ మా ఇంటివాళ్ళని పిలవడానికి వచ్చింది. గుమ్మంలో శవాన్ని చూసి చెప్పులు విడిచి చేతులు జోడించింది.

"మాకు మైల" అన్నాను. "చావు జరిగిన ఇల్లు. శ్మశానానికి తప్ప మావాళ్ళెవరూ గడప దాటి ఇంకెక్కడికీ వెళ్ళరు. మా ఆచారం."

"ఎన్ని రోజులు?"

"పదకొండు."

ఆవిడ తలూపింది. చావు ముందు బర్మావాళ్ళు వాదించరు. "అయితే ఈ ఇంటికి అదే రాస్తాను, అమా" అని మెల్లగా మెట్లు దిగిపోయింది. ఆ మెట్ల చప్పుడు ఆగేదాకా మరదలు విసనకర్ర విసురుతూనే ఉంది. తర్వాత మొగుడి మొహం కేసి చూసి మొదటిసారి గట్టిగా ఏడ్చింది. పిల్ల పాస్‌పోర్టు వస్తుందో రాదో ఇప్పటికీ తెలియదు. కానీ ఆ ఇంటివాళ్ళు రాలేదన్న మాట మాత్రం ఎవరూ అనలేరు. బతికున్నంత కాలం వాడు ఇంటికి వండి పెట్టాడు. పోతూ పోతూ మైల పెట్టి పోయాడు.

ఎండ బాగా పైకి వచ్చాక మెట్లవాళ్ళు పరుగులాంటి నడకతో వచ్చారు. చెల్లెలూ అప్పుడే వచ్చింది. ఆలస్యమైందని ఎవరూ కూర్చోలేదు. వాణ్ణి పాడె మీద పెట్టి, కొత్త తెల్లగుడ్డ కప్పి, లేపారు.

లమ్మడా మెట్లు మీకు తెలుసు. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అంటుకోవాలి. మలుపు దగ్గర పాడె తిరగలేదు. నిలువుగా ఎత్తాల్సి వచ్చింది. శవం జారిపోకుండా తలా ఒక చెయ్యి గుడ్డ మీద నుంచి గుండెకీ భుజాలకీ అదిమి పట్టుకున్నారు. "మెల్లగా, అకో, మెల్లగా" అని వాడికే చెప్తున్నట్టు చెప్పుకుంటూ దింపారు.

వీధిలోకి వచ్చి ఎండ పడ్డాక చూశాం. ఓటేసినవాళ్ళ చిటికెన వేలికి సిరా పూస్తారు కదా. నేరుగా అక్కణ్ణుంచే వచ్చారు. చెమటకి అది ఇంకా ఆరలేదు. తెల్లగుడ్డ మీద, తమ్ముడి గుండెమీద, భుజాలమీద, ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఊదారంగు వేలిముద్రలు.

చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మరదలు వంగి తన కొంగు తడితో తుడిచింది. అది పోలేదు, పాకింది.

"వేరే గుడ్డ కప్పుదామేటప్పా?" అంది చెల్లెలు.

లేపిన పాడె ఇంటి ముందే మళ్ళీ దించకూడదు. మోసేవాళ్ళు నా మొహం కేసి చూస్తున్నారు. కింది ఇంటి అబ్బాయి తన చెయ్యి లుంగీ మడతలో దాచుకున్నాడు.

"పదండి" అన్నాను.

బండి ఎక్కించారు. వెనక తలుపు సరిగా పడక తాడుతో కట్టారు. బండి మా వీధి మలుపు తిరిగేదాకా ఆ సందులోంచి తెల్లగుడ్డ కనిపిస్తూనే ఉంది. దానిమీద ఆ ఊదారంగు కూడా.